సర్దడం, సర్దుకుపోవడం, కంప్యూటర్ బల్ల

2002లో ఒక ఆదివారం పొద్దున మావారు మా ఇంటి కంప్యూటర్ని శుభ్రం చేశారు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఒక్క అలమరా సర్దని మనిషి, తెర మీద మాత్రం చీపురు పట్టుకున్నారు. "ఎంత చెత్త పేరుకుపోయిందో చూడు" అంటూ అక్కడున్న నలభై యాభై ఫైళ్లను ఎత్తి 'మిగతావి' అనే ఫోల్డర్లో పడేశారు. ఆ మిగతావాటిలో నేను ఆర్నెల్లుగా రాస్తున్న వ్యాసం ముక్కలున్నాయి. ఒక్కటీ పోలేదు. అన్నీ ఉన్నాయి. కానీ ఏది ముందో ఏది తర్వాతో, ఏది ఉంచాలో ఏది కొట్టేయాలో నాకు తెలియకుండా పోయింది. ఎడమవైపు పైన ఉన్నవి పూర్తయినవి. కుడివైపు కింద ఉన్నవి ఇంకా తేల్చుకోనివి. చెత్తబుట్ట బొమ్మ పక్కన ఉన్నవి పారేయడానికి మనసు రానివి. ఆ చోట్లే నా గుర్తులు. అక్షరక్రమంలో పేర్చిన ఫోల్డర్లో అవి చెరిగిపోయాయి. ఇంట్లో అడ్డొచ్చిన సామాను అటకెక్కించినట్టు నా వ్యాసం అటకెక్కింది.

ఆ రోజు కోపమంతా ఆయన మీదే. హాల్లో అందరికీ కలిపి ఉన్న ఒక్క కంప్యూటర్ అది. పిల్లాడి ఆటలూ, ఆయన ఆఫీసు లెక్కలూ, నా రాతలూ అన్నీ పద్నాలుగు అంగుళాల తెర మీదే. తర్వాత నెమ్మదిగా ఇంకో ప్రశ్న మొదలైంది. అసలు ఈ తెరను బల్ల అని ఎవరన్నారు? అది ఎవరి బల్ల? కథనో కవితనో చదివినట్టు ఆ తెరను కూడా చదవాలనిపించింది.

'డెస్క్‌టాప్' అంటే బల్ల పైభాగం. ఈ ఉపమానం ఊళ్లో వాడుకలోంచి పుట్టింది కాదు. మనం జిరాక్స్ అనగానే కాపీ తీసే మెషీన్ అనుకుంటాం కానీ, ఆ కంపెనీకి కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఒక పరిశోధనా కేంద్రం ఉండేది. దాన్ని పార్క్ అనేవాళ్లు. అక్కడి పరిశోధనల మీద ఆధారపడి 1981లో జిరాక్స్ స్టార్ అనే కంప్యూటర్ని అమ్మకానికి పెట్టారు. ఒక్కో మెషీన్ ధర 16 వేల డాలర్ల పైమాటే. దాని తెర మీద కాగితాలు, ఫోల్డర్లు, ఫైళ్ల సొరుగులు, వచ్చిన ఉత్తరాల బుట్ట, పోవాల్సిన ఉత్తరాల బుట్ట బొమ్మలుగా కనిపించేవి. అంటే ఆఫీసులో ఒక అధికారి కూర్చునే బల్లను యథాతథంగా తెర మీదికి ఎక్కించారు. నిజమైన ఆఫీసులో ఆ బుట్టలోకి ఉత్తరాలు వాటంతటవి వచ్చి పడేవి కావు. వాటిని విప్పి, వరసలో పెట్టి, జవాబు టైపు చేసి, నకలు ఫైల్లో దాచే మనిషి ఒకరుండేవారు. ఎక్కువసార్లు ఆ మనిషి ఆడమనిషి. సెక్రటరీ. ఉపమానం బల్లను తెచ్చుకుంది, బుట్టల్ని తెచ్చుకుంది. ఆమెను మాత్రం వదిలేసింది. ఆమె చేసిన పని ఎక్కడికీ పోలేదు. 1984లో వచ్చిన మెకింటాష్ మెనూలో 'క్లీన్ అప్' అనే ఒక ఆదేశంగా మారింది. మిగిలిందంతా తెర ముందు కూర్చున్నవాళ్ల నెత్తిన పడింది.

ఇక్కడ ఒక సెక్రటరీ కథ చెప్పాలి. డయానా మెర్రీ పార్క్‌లో సెక్రటరీగా చేరింది. తర్వాత అలన్ కే నడిపిన లెర్నింగ్ రిసెర్చ్ గ్రూప్‌లో ప్రోగ్రామర్ అయింది. స్మాల్‌టాక్ అనే భాషను తయారుచేసిన తొలి బృందంలో ఆమె ఒకరు. ఒక కిటికీ మీద ఇంకో కిటికీ పరుచుకునే ఏర్పాటును తెర మీద మొదట పనిచేయించిన ప్రోగ్రాములు రాయడంలో ఆమె చేయి ఉంది. 1973లో తయారైన ఆల్టో కంప్యూటర్ తెర మీద దాదాపు 5 లక్షల చుక్కలుండేవి. ఒక కిటికీని పైకి తేవాలంటే వాటిలో ఓ పెద్ద దీర్ఘచతురస్రాన్ని ఉన్నపళంగా మార్చాలి. చుక్కచుక్కా మార్చుకుంటూ పోతే కుదరదు. చుక్కల దిమ్మను ఒకేసారి ఎత్తి ఇంకోచోట పెట్టే పద్ధతిని డాన్ ఇంగాల్స్‌తో కలిసి ఆమె రూపొందించింది. దాన్ని బిట్‌బ్లిట్ అంటారు. ఆ పద్ధతి లేకపోతే కిటికీలు కదిలేవి, కానీ మన ఓపిక చచ్చేది.

సెక్రటరీగా కాగితాల దొంతరలతో వేగింది కాబట్టే ఆమెకు ఈ ఊహ వచ్చిందని రాయడం తేలిక. నేనలా రాయను. ఆడవాళ్లు ఏం సాధించినా దాన్ని వాళ్ల చాకిరిలోంచి సహజంగా పుట్టిన నేర్పుగా చెప్పడం మనకు బాగా అలవాటైన చిన్నచూపు. ఆమె చేసింది లెక్కా తర్కమూ కావలసిన పని. నా అభ్యంతరం వేరు. కిటికీల కథను ఎప్పుడూ మగవాళ్ల ఆస్తి తగాదాగానే చెబుతారు. జిరాక్స్ దగ్గర ఆపిల్ తీసుకుంది, ఆపిల్ దగ్గర మైక్రోసాఫ్ట్ తీసుకుంది, 1988లో ఆపిల్ కోర్టుకెక్కింది, 1994లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయింది. ఈ కథలో ఆడవాళ్లు ఎక్కడన్నా కనబడితే అడ్డుచెప్పిన మనిషిగా కనబడతారు. 1979లో స్టీవ్ జాబ్స్ బృందానికి స్మాల్‌టాక్ చూపించమన్నప్పుడు అడెల్ గోల్డ్‌బర్గ్ ఒప్పుకోలేదు. పైవాళ్లు ఆజ్ఞాపిస్తే తప్ప చూపించనంది. ఆజ్ఞాపించారు, చూపించింది. స్మాల్‌టాక్ మీద ముఖ్యమైన పుస్తకాలు రాసిన శాస్త్రవేత్త, ఆ తర్వాత అమెరికా కంప్యూటర్ శాస్త్రజ్ఞుల పెద్ద సంఘమైన ఏసీఎంకి అధ్యక్షురాలైన మనిషి, చాలా కథనాల్లో ఆ ఒక్క సన్నివేశంలో తలుపు దగ్గర నిలబడ్డ మనిషిగా మిగిలిపోయింది.

సరే, కిటికీల సంగతికొద్దాం. వాటిని పరచడానికి అప్పట్లో రెండు పద్ధతులుండేవి. ఒకటి, గచ్చు మీద పలకలు పేర్చినట్టు పక్కపక్కన పెట్టడం. ఏదీ దేన్నీ కప్పదు. కొత్తది వస్తే పాతవి కుంచించుకుంటాయి. రెండోది, బల్ల మీద కాగితాల్లా ఒకదాని మీద ఒకటి వేయడం. స్టార్ కంప్యూటర్ మొదట పలకల పద్ధతినే ఎంచుకుంది. వాడేవాళ్లు కిటికీలు సర్దుకోవడంలోనే కాలం పోగొట్టుకుంటారని దాన్ని తయారుచేసినవాళ్ల అనుమానం. 1985లో వచ్చిన మొదటి విండోస్‌దీ అదే దారి. 1987లో వచ్చిన రెండో విండోస్‌లో కిటికీలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. 1986లో శారా బ్లై, జారెట్ రోజెన్‌బర్గ్ ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూశారు. పని స్వభావం పలకలకు సరిపోయినప్పుడు అందరికీ పలకలే నయం. సరిపోనప్పుడు, కిటికీలు జరపడంలో చేయితిరిగిన వాళ్లకు ఒకదాని మీద ఒకటి వేసే పద్ధతి త్వరగా సాగింది. మిగతావాళ్లకు అలా సాగలేదు.

ఈ ఫలితం నాకు చాలా పరిచయమైన సంగతిలా అనిపించింది. చిన్న జాగాలో పది పనులు పెట్టి, 'చేతనైనవాళ్లు చేసుకోగలరు' అనడం. చేసుకోలేకపోతే తప్పు జాగాది కాదు, మనిషిది. మొదటి మెకింటాష్ తెర 9 అంగుళాలు. మా వంటింటి గట్టు కూడా అంతే ఇరుకు. దాని మీద పొయ్యి, పోపుల పెట్టె, కూరల తట్ట, పిల్లాడి పాలగ్లాసు. ఎవరైనా వచ్చి చూస్తే 'ఇల్లు సర్దుకోవడం రాదు' అంటారు తప్ప 'గట్టు చిన్నది' అనరు.

ఆ మెకింటాష్‌లో ఇంకో విశేషముంది. దాని జ్ఞాపకం మొత్తం 128 కిలోబైట్లు. ఒక కిటికీ కింద పడ్డ ఇంకో కిటికీలోని బొమ్మను దాచిపెట్టుకునే చోటు అందులో లేదు. పైదాన్ని పక్కకు జరిపినప్పుడు బయటపడ్డ మేరకు కిందదాన్ని కొత్తగా గీసేది. ఏ మేరకు గీయాలో చకచకా లెక్కతేల్చే ఉపాయాన్ని బిల్ అట్కిన్సన్ కనిపెట్టాడు. చూసేవాళ్లకు మాత్రం ఆ కాగితం ఇంతసేపూ కింద భద్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. రాసుకునే ఆడవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. వాక్యం మధ్యలో లేచి, కుక్కర్ దించి, తలుపు తీసి, మామగారికి మాత్ర ఇచ్చి వెనక్కొస్తే ఆ వాక్యం మనకోసం కాచుక్కూర్చుని ఉండదు. మళ్లీ మొదట్నుంచి గీసుకోవాలి. 'ఖాళీ దొరికినప్పుడు రాసుకుంటావుగా' అనేవాళ్లకు ఈ గీతల లెక్క కనబడదు.

1995లో షెర్రీ టర్కిల్ తన 'లైఫ్ ఆన్ ద స్క్రీన్' పుస్తకంలో, ఒకేసారి తెరిచిన అనేక కిటికీలు మనిషి అస్తిత్వాన్ని అర్థం చేసుకోవడానికి కొత్త ఉపమానమయ్యాయని వాదించింది. మనిషి ఒక్కటి కాదు, అనేకం. ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి సాగే అనేకం. ఏకశిలలాంటి 'నేను'ని ప్రశ్నించిన స్త్రీవాదులకు ఈ మాట నచ్చడంలో ఆశ్చర్యం లేదు. నాకూ నచ్చింది. కానీ ఒక తేడా ఉంది. ఆ పుస్తకంలోని మనుషులు చాలావరకు తమ కిటికీలను తామే తెరుచుకుంటారు. మన కిటికీలు చాలావాటిని వేరేవాళ్లు తెరుస్తారు. పైకి ఏది రావాలో కూడా వాళ్లే చెబుతారు. అనేకంగా బతకడం వేరు, అనేకమంది పిలుపులకు పలకడం వేరు. రెండింటినీ ఒకే ఉపమానంలో కలిపేస్తే మోయలేని బరువు కూడా స్వేచ్ఛలా కనబడుతుంది.

కిటికీల రద్దీకి పార్క్‌లోనే ఆస్టిన్ హెండర్సన్, స్టువర్ట్ కార్డ్ 1986లో ఒక పరిష్కారం ప్రకటించారు. పేరు 'రూమ్స్'. ఒక్కో పనికి ఒక్కో గది. ఆ పనికి కావలసిన కిటికీలు ఆ గదిలోనే ఉంటాయి. తలుపు బొమ్మ నొక్కి ఇంకో గదికి పోవచ్చు. వర్జీనియా ఊల్ఫ్ 1929లో రాసే స్త్రీకి కావాలన్న గది గుర్తురాకుండా ఎలా ఉంటుంది? అయితే ఊల్ఫ్ గదితో పాటు తలుపుకి తాళం కూడా అడిగింది, బతకడానికి రాబడి అడిగింది. ఈ గదుల్లో తలుపులున్నాయి, తాళం లేదు. పైగా ఒక గదిలోంచి ఇంకో గదికి మోసుకుపోయే కిటికీలకు 'బ్యాగేజ్' అని, ఏ గదికి వెళ్లినా వెంట వచ్చే కిటికీలకు 'పాకెట్స్' అని పేరు పెట్టారు. ఒకటి మూట, ఒకటి జేబు. మన భాషలో అయితే కొంగున ముడి అనాలి. గ్యాస్ బుకింగ్, పిల్లాడి ఫీజు, రేపటి పప్పు నానబెట్టడం. ఏ గదిలోకి వెళ్లినా విప్పలేని ముడి. వాళ్లు సౌకర్యం కోసం పెట్టిన పేర్లు మన వైపు నుంచి చదివితే వేరే అర్థమిస్తాయి.

మరి చెత్త సంగతేమిటి? 1983లో థామస్ మలోన్ కొందరు ఆఫీసు ఉద్యోగుల గదులకు వెళ్లి, వాళ్లు కాగితాలెలా పెట్టుకుంటారో గమనించాడు. కొందరు ఫైళ్లుగా, కొందరు కుప్పలుగా. కుప్పలు బద్ధకానికి గుర్తు కాదన్నది ఆయన చూపిన ముఖ్యమైన సంగతి. కాగితం ఎదురుగా ఉంటే అది పనిని గుర్తుచేస్తుంది. ఏ పేరు కింద పెట్టాలో ఇంకా తేలనప్పుడు కుప్పలో పెడతారు. అంటే కుప్ప ఒక ఆలోచన సగంలో ఉందనడానికి గుర్తు. ఈ సంగతి తెలిసినా కంప్యూటర్లు చీపురు వదల్లేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ అరవై రోజులకోసారి తెర మూలన బుడగలా పైకి తేలి, మీ బల్ల మీద వాడనివి ఉన్నాయని హెచ్చరించేది. గడప దాటుతూనే గూట్లో దుమ్ము చూసే అత్తగారిలా.

తెలుగులో 'సర్దడం' నుంచి 'సర్దుకుపోవడం' ఎంతో దూరంలో లేదు. మొదటిది వస్తువులతో, రెండోది మనుషులతో. రెండూ మన పనే అని నేర్పారు. సర్దడం ఒక శ్రమ అనీ, దానికో మనిషి కావాలనీ, ఒకరి చెత్త ఇంకొకరి జ్ఞాపకం అనీ ఆ బల్లను ఊహించినవాళ్లకు తట్టలేదు. అందుకే ఇంట్లో ఎప్పుడూ సర్దని మనిషి ఆ బల్లను చూడగానే అధికారిలా సర్దగలిగారు. అధికారి సర్దడమంటే కళ్లముందునుంచి తీసేయడమే. సర్దేవాళ్లకు మాత్రం ఏది ఎందుకు ఎక్కడుందో తెలుసు.

మన సాహిత్య చరిత్రలోనూ ఈ లెక్క బాకీ ఉంది. తొంభైల నుంచి మన కథలూ కవితలూ వ్యాసాలూ డి.టి.పి. సెంటర్లలో పేజీలయ్యాయి. పేజ్‌మేకర్ కిటికీ ముందు కూర్చుని, మన కొట్టివేతల చేతిరాతను అర్థంచేసుకుని, అక్షరం అక్షరం కొట్టినవాళ్లలో అమ్మాయిలు చాలామంది. మన పుస్తకాల కృతజ్ఞతల పేజీల్లో వాళ్ల పేర్లు ఎన్నిచోట్ల ఉన్నాయో ఒకసారి వెతికి చూద్దాం. నా మొదటి పుస్తకంలో లేదు. ఆ అమ్మాయి నా మూడో అధ్యాయంలో రెండు పేరాలు తారుమారయ్యాయని కనిపెట్టి ఫోన్ చేసింది. ఆమె పేరు అడిగాను, రాయడం మరిచిపోయాను.

నా వ్యాసం పూర్తవడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. 'మిగతావి' ఫోల్డర్లోంచి ముక్కల్ని ఒక్కొక్కటిగా తీసి, మళ్లీ తెర మీద పాత చోట్లలో పెట్టాను. గుర్తున్నంత మేరకే. చెత్తబుట్ట పక్కన మూడుండేవి, రెండే గుర్తొచ్చాయి. మావారు చూసి, "మళ్లీ పరిచేశావా?" అన్నారు. "అది నా బల్ల" అన్నాను. నిజానికి అది అందరి బల్ల. ఆ మాట ఆ రోజు నేను ఒప్పుకోలేదు, ఈ రోజూ ఒప్పుకోవడం లేదు.