గుడ్డపొరల పిడి
కత్తి పదునును మెచ్చువారు పెక్కురు గాని, ఆ పదునును మన చేతికి లొంగదీసి యిచ్చెడి పిడిని గూర్చి పలుకువారు అరుదు. కళింగపట్నము మొదలుగాగల తీరగ్రామములలో ఫైబరు తెప్పల పగుళ్లకు గాజుబట్టను రెసిన్‌తో పొరలుపొరలుగా అతికెడి పనివారి విద్యకు దగ్గరి చుట్టమైన యీ గుడ్డపొరల పిడి, ఇంటి అరుగుమీదనే తయారగును. చిరిగిన లుంగీనో, పొందూరు ఖద్దరు పంచెనో గంజి పోవునట్లు ఉతికి, చెమ్మ లేకుండ ఆరబెట్టి, పిడికన్న కొంచెము పెద్ద ముక్కలుగా కత్తిరించి, ఎపాక్సీ జిగురును గట్టిపరచు ద్రవముతో డబ్బాపై చెప్పిన పాళ్లలోనే కలిపి, దారము లోలోపలికి తడియునట్లు ఒక్కొక్క ముక్కను ముంచి, గాలిబుడగలు నిలువకుండ తొడుగువేసిన వేళ్లతో ఒత్తుచు పేర్చి, ప్లాస్టిక్ చుట్టిన రెండు పలకల నడుమ క్లాంపులతో బిగింపవలెను. నా దృష్టిలో పనివాని వివేకమంతయు ఈ బిగింపులోనే కలదు: అతిగా బిగించినచో జిగురు వెలికి కారి గుడ్డ పొడిబారును, తక్కువైనచో పొరల నడుమ డొల్లలు మిగులును. మరునాటికి గట్టిపడిన దిమ్మను, మాస్కు కట్టుకొని, రంపముతో కోసి, నీరు చల్లుచు గరుకుకాగితముతో వంపుగా రాచుచుండగా, అంతవరకు దాగియున్న నేత పోగులును, అంచు రంగులును, మ్రాని వలయములవలె ఒకదానివెంట నొకటి పైకి తేలివచ్చుట ఎంత మనోహరము! ఈ పిడి ఉప్పునీట చెక్కవలె ఉబ్బదు, చీలదు. కడపటి నునుపు పెట్టక కొంత గరుకు మిగిల్చినచో, చేపలు కోయు తడిచేతికి సయితము చక్కని పట్టు చిక్కును.