ఎడమచేతి గమకం
బషీర్‌బాగ్ కింగ్‌కోఠిలోని భారతీయ విద్యాభవన్‌లో సినీ సంగీత విభావరి అంటే చప్పట్లన్నీ గాయకులకే. నా చూపు మాత్రం రెండంతస్తుల స్టాండు వెనక నిలబడ్డ కీబోర్డు వాద్యకారుడి ఎడమచేతి మీద ఉంటుంది. కుడిచేతిది మెట్లు నొక్కే పని, సాధనతో వస్తుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉండే గమకం మాత్రం ఈ వాద్యానికి పుట్టుకతో లేదు. తోడి రాగంలోని గాంధారాన్ని ఒక మెట్టు మీద కదలకుండా నిలబెడితే అది తోడి కాదు కదా! అందుకే ఎడమ అంచున చిన్న చక్రం. 1970లో వచ్చిన మినీమూగ్ అనే అనలాగ్ సింథసైజర్‌కూ ఇది ఉంది. ముందుకు తోస్తే స్వరం పైకి, వెనక్కి లాగితే కిందికి, మామూలుగా రెండేసి అర్ధస్వరాల మేర జారుతుంది. ఎంత తొయ్యాలో బొటనవేలికే తెలియాలి. వేణువు బిట్ వస్తే ఆయన ఒకేసారి రెండు మెట్లు నొక్కడు. వేణువు వాయించేవాడు ఊపిరి తీసుకునేంతసేపు వేలు ఎత్తుతాడు కూడా. వెంటనే వయొలిన్ల గుంపు. వాద్యం మార్చే బటన్ ఒక్క క్షణం ముందు నొక్కినా వేణువు గొంతు తెగిపోతుంది. ఇంతలో గాయని వెనక్కి తిరిగి, "అన్నా, అర శ్రుతి తగ్గించవా" అంటుంది. ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి నొక్కుతాడు, అంతే. వేళ్లు పాత మెట్ల మీదే నడుస్తాయి, పాట కిందికి దిగుతుంది. గిటారు మనిషి తంటాలు మాత్రం గిటారు మనిషివి.