ముందు వేళ్లకు, ఆ తర్వాతే కళ్లకు

పియానో నేర్చుకోవడానికి కొత్తగా వచ్చిన పిల్లను బల్ల మీద కూర్చోబెట్టగానే నేను చూసేది చేతులు కాదు, కాళ్లు. ఆరేడేళ్ల పిల్లకు పాదాలు నేలకు అందవు. కాళ్లకు ఆసరా లేకపోతే నడుము నిలవదు, నడుము నిలవకపోతే భుజాలు బిగుస్తాయి, ఆ బిగువంతా వేళ్లలోకి దిగుతుంది. అందుకే నా గదిలో ఒక చెక్క పీట ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పాదాల కింద పెట్టిన కాసేపటికే మణికట్టు వదులవడం కళ్లకు కనిపిస్తుంది.

ఈ చిట్కా నేను కనిపెట్టింది కాదు. ఫ్రాన్సులో రాజకుటుంబం పిల్లలకు సంగీతం చెప్పిన ఫ్రాన్స్వా కూపరాన్ 1716లో అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఉంది. అది పియానోకు ముందటి మెట్ల వాయిద్యమైన హార్ప్‌సికార్డ్ గురించి రాసిన పుస్తకం. పియానో అప్పటికింకా పసిది. ఇటలీలో క్రిస్టోఫోరి దాన్ని తయారుచేసింది 1700 ప్రాంతంలోనే. అయినా పసిపిల్లల చేతుల గురించి కూపరాన్‌కు తెలిసినంతగా తర్వాతివాళ్లలో చాలామందికి తెలియదనిపిస్తుంది నాకు. మొదలుపెట్టడానికి ఆరేడేళ్లు సరైన వయసంటాడు. మెట్లు తేలిగ్గా దిగే వాయిద్యమే పిల్లలకివ్వాలి, బలం పెట్టి నొక్కడం అలవాటైతే చెయ్యి పాడవుతుందంటాడు. మొదట్లో గురువు లేనప్పుడు పిల్లలు సాధన చేయకపోవడమే మేలని, వాయిద్యానికి తాళం వేసి చెవి తనతోనే తీసుకెళ్లేవాడు! ముప్పావు గంట కష్టపడి దిద్దిన చెయ్యి ఒక్క క్షణంలో చెడిపోతుందని ఆయన బాధ.

అన్నిటికంటే విలువైన మాట ఇంకొకటి ఉంది. కొన్ని పాటలు వేళ్లకు పట్టుబడేదాకా పిల్లలకు స్వరలిపి చూపించకూడదని. కళ్లు పుస్తకం మీద ఉంటే వేళ్లు చెదిరిపోతాయి. కంఠతా వచ్చినదాన్ని వాయిస్తే జ్ఞాపకమూ గట్టిపడుతుంది.

ఇది చదివినప్పుడు నాకు మన సంగీతం పాఠమే గుర్తొచ్చింది. టీచరు పాడతారు, పిల్ల అంటుంది. చేత్తో తాళం, నోటితో స్వరం. నోటుపుస్తకంలో రాసుకోవడం ఆ తర్వాత. వయొలిన్‌తో మొదలుపెట్టి ఆ పద్ధతిని పియానోకూ తెచ్చిన జపాన్ సంగీత గురువు సుజుకి బడిలోనూ వినడమే మొదటి పాఠం. పిల్ల అమ్మ మాటలు విని మాటలు నేర్చినట్టే, పాట విని వాయిద్యం నేర్వాలన్నది సుజుకి నమ్మకం.

అందుకని మొదటి రెండు మూడు నెలలు నేను పుస్తకం తెరవను. పియానోకు 88 మెట్లు, అందులో నల్లవి 36. ఎడమ చివరనున్న ఒక్కటి తప్ప అవి రెండేసి, మూడేసి గుంపులుగా ఉంటాయి. కళ్లు మూసుకుని జంటలు ఎక్కడున్నాయో తడిమి చెప్పమంటాను. జంటకు ఎడమ పక్కన ఆనుకుని ఉండే తెల్లమెట్టు సీ. అలాంటి సీలన్నిటినీ ఈ చివర నుంచి ఆ చివరకు వెతకడం పిల్లలకు దాగుడుమూతల ఆటలాంటిది. ఇంకో ఆట ప్రతిధ్వని. పిల్ల గోడవైపు తిరిగి నిలబడుతుంది, నేను మూడు స్వరాలు వాయిస్తాను, తను వచ్చి అవే వాయించాలి. లయ మాత్రం బల్ల మీద కూర్చుంటే రాదు. స్విట్జర్లాండులో దాల్‌క్రోజ్ నేర్పినట్టు గదిలో నడిపించి, ఆపి, మళ్లీ నడిపించి రప్పించాలి.

ఇక పాఠ్యం. పిల్లల కోసం వచ్చిన పియానో సంగీతంలో మేలైనది చాలామటుకు ఇంట్లో పిల్లల కోసమే పుట్టింది. తొమ్మిదేళ్ల కొడుకు ఫ్రీడెమాన్ కోసం బాఖ్ 1720 జనవరిలో ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాడు. స్వరాల పేర్లు, అలంకారాల పట్టిక, ఏ స్వరానికి ఏ వేలో అంకెలు వేసిన చిన్న పాఠం, అక్కడి నుంచి మెల్లగా పెద్ద రచనలు. ఈనాటికీ విద్యార్థులు వాయించే ఇన్వెన్షన్ల తొలి రూపాలు అందులోనివే. షూమన్ 1848లో పెద్దకూతురు మారీ ఏడో పుట్టినరోజుకని కొన్ని ముక్కలు రాశాడు. అవే పెరిగి 43 ముక్కల ‘ఆల్బమ్ ఫర్ ద యంగ్’ అయ్యాయి.

నాకు వీళ్లందరిలో ఎక్కువ ఇష్టం హంగేరీ స్వరకర్త బార్టోక్. 1933లో కొడుకు పీటర్‌కు పాఠాలు మొదలుపెట్టినప్పుడు కొన్నాళ్లు పాడించాడే తప్ప పియానో ముట్టనివ్వలేదు. తర్వాత పాఠం మధ్యలో కొడుకును ఆగమని రాతబల్ల దగ్గరికి వెళ్లేవాడు. కలం గీకుతున్న చప్పుడు వినబడేది. కాసేపటికి ఒక చిన్న రచన పియానో మీదికి వచ్చేది. 153 రచనల ‘మైక్రోకాస్మోస్’లో మొదటి రెండు భాగాలు ఆ పీటర్‌కే అంకితం. మొదటి ఆరు పాటల్లో రెండు చేతులూ ఒకే వరసను ఒక స్థాయి తేడాతో వాయిస్తాయి. తర్వాత ఒకచోట అద్దంలో బొమ్మలా ఎదురెదురుగా నడుస్తాయి, ఇంకోచోట ఒక చెయ్యి వెళ్లిన దారినే రెండోది కాస్త ఆగి వెళుతుంది. పిల్లకు తెలియకుండానే చేతులు రెండవుతాయి.

అంతకుముందు ఆయన ‘ఫర్ చిల్డ్రన్’ను హంగేరీ, స్లొవాక్ పల్లెపాటలతోనే కట్టాడు. ఈ పని మనమెందుకు చేయకూడదు? చాలా బతుకమ్మ పాటలు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతాయి. ఐదు వేళ్ల కింద ఐదు మెట్లుంటే చాలు. చప్పట్ల లయ పిల్లకు ముందే తెలుసు కాబట్టి తప్పు వాయిస్తే తన చెవే పట్టుకుంటుంది. అలాగని పియానో గ్రేడ్ పరీక్షలంటే నాకు కోపం లేదు, వాటివల్ల ఒక క్రమం వస్తుంది. కానీ పరీక్షకని ఏడాది పొడుగునా మూడు ముక్కలే వాయించి, నాలుగోదంటే బెదిరిపోయే పిల్లల్ని చూస్తే గుండె తరుక్కుపోతుంది.

వాయిద్యం గురించి తల్లిదండ్రులకు ఒక్క మాట. పియానోలో మెట్టు ఎంత వేగంగా దిగితే సుత్తి తీగను అంత గట్టిగా కొడుతుంది. వేలి మెత్తదనమంతా అక్కడే ఉంది. ఎలా నొక్కినా ఒకే చప్పుడు చేసే కీబోర్డు మీద ఆ మెత్తదనం రాదు. పెద్దది కొనలేకపోయినా, నొక్కుడుకు తగ్గట్టు ధ్వని మారేదే కొనండి.

కర్ణాటక సంగీతం పాఠానికి కూడా వెళ్లే పిల్లలకు నేను సరళీ వరసలు పియానో మీద చూపిస్తాను. పియానో మీద గమకం పలకదు, అది గొంతులోనే నేర్వాలి. కానీ ఆ వరసల రాగమైన మాయామాళవగౌళ ఆకారం మాత్రం ఇక్కడ కంటికి కనిపిస్తుంది. సీ మీద షడ్జమం పెట్టుకుంటే స రి గ మ అంటే తెలుపు, నలుపు, తెలుపు, తెలుపు. ప ద ని స కూడా తెలుపు, నలుపు, తెలుపు, తెలుపే. ఎడమ ఉంగరపు వేలు నుంచి బొటనవేలి దాకా మొదటి నాలుగు, కుడి బొటనవేలు నుంచి ఉంగరపు వేలి దాకా మిగతా నాలుగు. చిటికెన వేళ్లు రెండూ ఖాళీ.

కిందటి నెలలో ఒక ఎనిమిదేళ్ల పాప ఇది వాయిస్తూ వాయిస్తూ ఆగిపోయింది. “టీచర్, రెండు చేతుల కిందా ఒకే బొమ్మ ఉంది” అంది. మళ్లీ వాయించి చూసుకుంది. అప్పుడు తీశాను స్టాఫ్ నొటేషన్ కాగితం. తను వాయించిన ఎనిమిది స్వరాలనే ఐదు గీతల మీద రాసి ముందు పెట్టాను. కాసేపు చూసి, వేలితో ఒక్కో చుక్కా తాకుతూ కింది నుంచి పైకి పాడుకుంటూ వెళ్లింది. పాదాలు పీట మీదే ఉన్నాయి.