ముడి వేస్తే శిల్పం కాదా?

మన కళాచరిత్రలో ఉలికి ఉన్న గౌరవం తాడుకి లేదు. రాయి చెక్కితే శిల్పం, లోహం పోతపోస్తే శిల్పం. తాడుతో ముళ్ళు వేస్తే మాత్రం 'చేతిపని', ఆడవాళ్ళు తీరిక వేళ చేసుకునే అల్లిక. ఈ తేడాని తన పనితోనే ప్రశ్నించిన శిల్పి మృణాళినీ ముఖర్జీ (1949-2015).

చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ, శిల్పి లీలా ముఖర్జీల కూతురామె. బరోడాలో చిత్రలేఖనం చదివి, కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రకళ నేర్చుకున్నారు. జానపద కళకీ ఆధునిక కళకీ మధ్య గోడ అక్కర్లేదని నమ్మిన గురువాయన. 1970లలో ఆమె జనపనార తాళ్ళు చేతబట్టారు. ముందుగా బొమ్మ గీసుకోకుండా, రంగు వేసిన తాళ్ళని నెలల తరబడి ముడి మీద ముడి వేస్తూ పెద్ద పెద్ద రూపాలు నిలబెట్టారు.

'పుష్ప్' (1993) పేరుకి పువ్వే గానీ, ఏ పువ్వో చెప్పలేం. ఆ మడతలు రేకులా, పెదవులా? మొక్కా, శరీరమా? ఆమె తేల్చి చెప్పరు. ప్రకృతిని అనుకరించడం కాదిది, అది పెరిగే తీరుని చేతుల్లోకి తెచ్చుకోవడం.

అందుకే ఈ శిల్పాల్ని 'ప్రకృతి మాత' అని కీర్తించి ఊరుకోవడం నాకు నచ్చదు. స్త్రీ అంటే ప్రకృతి అనడం పొగడ్తలాగే వినిపిస్తుంది. కానీ ఆమె ఆలోచననీ శ్రమనీ లెక్కలోంచి తీసేస్తుంది. సాహిత్య పరిశోధనలో నాకిది బాగా ఎరుకే. రచయిత రాస్తే 'దర్శనం', రచయిత్రి రాస్తే 'అనుభూతి'!

గుడి స్తంభాల మీది యక్షి సన్ననడుముతో, చూసేవాళ్ళ కోసం ఒంపు తిరిగి నిలబడుతుంది. మృణాళిని 'యక్షి' (1984) అలా కాదు. తాళ్ళ మడతల బరువుతో, ఎవరి మెప్పూ కోరకుండా నిలబడింది. అందులో లైంగికత ఉంది, ఆహ్వానం లేదు.

ముడి అనగానే మనకి మెడలో పడే మూడు ముళ్ళే గుర్తొస్తాయి. ఇక్కడి ముడి కట్టిపడేసేది కాదు, మెత్తటి నారకి ఒళ్ళునిచ్చి నిలబెట్టేది.

తర్వాత ఆమె సిరామిక్‌లోనూ కంచులోనూ పనిచేశారు. 2015లో ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఆమె జీవితకాలపు కృషి ప్రదర్శన మొదలైన కొద్ది రోజులకే కన్నుమూశారు. 2019లో న్యూయార్క్‌లోని మెట్ బ్రాయర్ మరో పెద్ద ప్రదర్శన పెట్టింది. మ్యూజియంలు ఆ తాడుని శిల్పమని ఒప్పుకున్నాయి. మన ఇళ్ళలో అల్లే, కుట్టే, నేసే చేతుల్లోని ఆలోచనని మన విమర్శ ఎప్పుడు పట్టించుకుంటుంది?