'ఒక వర్గం' అంటే ఎవరు?

మా అమ్మ లాడ్ బజార్ ఊడ్చేది. మున్సిపాలిటీల సఫాయి పని. తెల్లారకముందే చార్మినార్ కాడ హాజరు పడాలె. అక్కడ్నుంచి మహబూబ్ చౌక్ గడియారం దాకా ఆమె వంతు. చీపురుకు లక్క ముక్కలు, రాలిన చమ్కీలు, అద్దం బిళ్లలు, పాత పేపర్లు తగిలేవి. గాజులు చుట్టి ఇచ్చేది పాత పేపర్లల్లనే కద. మంచిగున్న కాయితం దొరికితే అమ్మ మడిచి కొంగుల పెట్టుకొని తెచ్చేది. తెలుగు కూడబలుక్కొని చదువుడు నేను ఆ కాయితాల మీద నేర్చుకున్న. బడి పుస్తకం కన్నా ముందు పేపర్ చదివినోణ్ణని చెప్పుకుంటే గొప్పగనే ఉంటది. కాని నేను చదివింది ఎప్పుడూ చినిగిన సగం వార్తనే.

1990 డిసెంబర్‌ల నాకు పదిహేనేండ్లు. కర్ఫ్యూ పెట్టిండ్రు. ఆ కొట్లాటల్లో వందమందికి పైగా చచ్చిపోయిండ్రు. సఫాయోళ్లకు మాత్రం కర్ఫ్యూ పాసులిచ్చి పనికి తోలిండ్రు. ఊరంత తలుపులు పెట్టుకుంటే రోడ్డు మీద ఉన్నది పోలీసులు, మా అమ్మలు. ఏ గల్లీల నెత్తురు ఎండింది, ఏ దుకాణం తాళం పగిలింది, ఏ మూలకు ఒంటి చెప్పు పడున్నది, అంతా ఇంటికొచ్చి చెప్పేది. తెల్లారి పేపర్ చూస్తే 'పాతబస్తీలో ఉద్రిక్తత', 'పరిస్థితి అదుపులో ఉందని అధికార వర్గాల వెల్లడి'. అమ్మ చూసింది ఒక్కటి లేదు.

"నిన్నెవలన్న అడిగిండ్రానే?" అన్న.

"నన్నెందుకు అడుగుతరు బిడ్డా? ఊడ్వమంటరు గని" అన్నది.

రోడ్డు మీదున్న మనిషిని అడగకుండ రోడ్డు మీది వార్త ఎట్ల రాస్తరని అప్పుడు అనుకున్న. పన్నెండేండ్లు తిరిగేసరికి నేనే అట్ల రాసిన.

డిగ్రీ అయినంక ఒక దినపత్రిక సిటీ టాబ్లాయిడ్‌కు కంట్రిబ్యూటర్‌గ కుదిరిన. జీతం లేదు. లైన్ అకౌంట్. అచ్చయిన లైన్లు కొలిచి నెలకింత అని ఇస్తరు. ఉత్త చేతులతోటి వార్త ఎట్ల తెస్తవు? పొద్దున ఒక పోలీస్ స్టేషన్, మాపటికి ఇంకో పోలీస్ స్టేషన్. ఎస్సై చెప్పింది రాసుకుంటే నాలుగు లైన్లు ఖాయం. బస్తీల నల్లా నీళ్లు వస్తలేవని రాస్తే డెస్కుల కూసున్నాయన చదవకుండనే పక్కకు పెడతడు. పాతబస్తీ అంటే పేపర్లోళ్లకు రెండే. రంజాన్ నెలల హలీమ్, గాజులు, రంగుల ఫోటో. మిగిలిన పదకొండు నెలలు 'సమస్యాత్మక ప్రాంతం'. ఎవరికి సమస్య అని ఎవరూ రాయరు.

పేపర్ భాష నేర్చుకున్నంక నాకు అర్థమైన మొదటి ముచ్చట 'వర్గం' అనే మాట. 'అధికార వర్గాలు' అంటే పోలీసులు. 'ఒక వర్గం' అంటే కులం పేరు బయటపెట్టకూడదనుకున్నోళ్లు. 'ఇరువర్గాల మధ్య ఘర్షణ' అంటే ఒకలు చంపిండ్రు, ఒకలు చచ్చిండ్రు. మతకలహాలప్పుడు పేర్లు రాస్తే నిప్పు ఇంకింత రాజుకుంటదని పత్రికలు ఒక నియమం పెట్టుకున్నయి. మంచి నియమమే. నేను కాదనను. మరి అది ఎవరికి గొడుగైంది?

1985 జూలై 17న కారంచేడుల ఆరుగురు మాదిగలను తరిమి తరిమి చంపింది కమ్మ భూస్వాములు. 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిదిమంది దళితులను చంపి, గోనెసంచుల్ల కుక్కి కాలవల ఏసిండ్రు. చుండూరప్పుడు నాకు పదహారేండ్లు. అమ్మ కొంగుల వచ్చిన ఒక కాయితం మీద 'ఘర్షణ' అనే మాట చదివిన. ఘర్షణ అంటే రెండు రాళ్లు ఒకదాన్నొకటి రాసుకునుడు. మనుషులను గోనెసంచిల మూటగట్టుడు ఘర్షణ ఎట్లయితది? నన్నెవరూ ఈ మాట అడగలేదు, నేను డెస్కుల ఎవర్నీ అడగలేదు. ఉద్యోగం కాని ఆ ఉద్యోగం పోతదని భయం.

ఇప్పుడు 2007 గురించి చెప్పాలె. ఇది నా తప్పు గూడ.

మే 18, శుక్రవారం. మక్కా మసీదు లాడ్ బజార్‌కు కూతవేటు దూరం. జుమ్మా నమాజు టైముకు బాంబు పేలింది. 9 మంది పోయిండ్రు. ఆ తర్వాత బయట పోలీసులు కాల్చిన కాల్పుల్లో ఇంకో 5గురు పోయిండ్రు. చార్మినార్ చుట్టూ ఢిల్లీ ఛానళ్ల బండ్లు నిలబడ్డయి. రెండు మూడు రోజులు తిరక్కముందే సరిహద్దు అవతలి సంస్థల పేర్లు తెర మీద తిరుగుతున్నయి. చచ్చిన 14 మందిల 5గురిని చంపింది బాంబు కాదనే ముచ్చట ఆ పేర్ల కింద పడిపోయింది. మా అమ్మను ఆ సాయంత్రం గూడ పనికి పిలిచిండ్రు. రిటైరయ్యే ఏడు ఆమెది. ఏం కడిగిందో ఇంట్ల చెప్పలేదు. నేనూ అడగలేదు. కొడుకు విలేకరి, తల్లి సాక్షి, ఒకే గదిల పండుకున్నం.

ఆ తర్వాత పాతబస్తీల ముస్లిం పిల్లగాండ్లను గుంపులుగ పట్టుకపోయిండ్రు. లాడ్ బజార్ల అమ్మకు రోజూ చాయ పోసే ఒక దుకాణం చాచా ఉండె. ఆయన మేనల్లుడిని గూడ పట్టుకపోయిండ్రు. లక్క కరిగించి గాజు వంచే పని ఆ పిలగానిది. బొగ్గుల పొయ్యి ముందల పొద్దస్తమానం కూసునేటోడు. నాకు స్టేషన్ నుంచి ఫోన్ల పేరు చెప్పిండ్రు. పేరు, తండ్రి పేరు, గల్లీ, చేసే పని, నాలుగూ రాసి పంపిన. 'అనుమానితుడు' అని రాసినట్టే నాకు గుర్తు. అచ్చుల మాత్రం ఆ మాట లేదు. 'ఉగ్రవాద సంబంధాలు' అని హెడ్డింగ్. నిజంగ రాసిన్నో, రాసిన అని ఇప్పుడు అనుకుంటున్ననో గట్టిగ చెప్పలేను. ఆ నెల లైన్ అకౌంట్ ఎప్పటికన్న ఎక్కువొచ్చింది. ఆ పైసలతోటి అమ్మకు కండ్లద్దాలు చేయించిన.

ఆ ఏడే జూలై 31న చుండూరులనే పెట్టిన ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. పదహారేండ్లకు. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష. దళితులు ఊరిడిసి శిబిరాల్ల ఉండి, కోర్టును తమ ఊరికే రప్పించుకొని గెల్చిన తీర్పు అది. మా బస్తీల టీవీ ఉన్న ఇంటికి ఉరికిన. నేను చూసిన ఛానల్ల అడుగున ఒక లైను ఉరికింది. అంతే. పెద్ద తెర మీద అప్పటికీ బాంబుల చర్చనే. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ కాడ బాంబులు పేలినంక ఇంక చుండూరు పేరెత్తినోడు లేడు.

ఆ పిల్లగాండ్లను తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలేసినయి. రాష్ట్ర ప్రభుత్వమే పరిహారం ప్రకటించింది, నడవడిక మంచిదని సర్టిఫికెట్లిచ్చింది. ఆ పరిహారాన్ని గూడ 2013ల హైకోర్టు కొట్టేసింది. చాచా మేనల్లుడు ఇంటికొచ్చిన నాడు నేను పద్నాలుగు లైన్లు రాసి పంపిన. మూడు లైన్లు అచ్చయింది. 'ఒక యువకుడు' అని వేసిండ్రు. చాచా ఆ పేపర్ తీసుకొచ్చి నా ముందల పరిచిండు.

"పకడే తో నామ్ ఛాపే. ఛోడే తో నామ్ నక్కో క్యా బేటా?"

పట్టుకున్ననాడు పేరు కావాల్సొచ్చింది, ఇడిసిపెట్టిననాడు పేరు అక్కర్లేకుండ పోయిందా అని. నా దగ్గర జవాబు లేదు. ఆ మాటకు మించిన మీడియా విమర్శ నేను ఇంతవరకు ఏ పుస్తకంల చదవలేదు. ముస్లిం అయితే పేరు, తండ్రి పేరు, గల్లీ. చంపినోడు పెద్దకులపోడైతే 'ఒక వర్గం'. చచ్చినోడు దళితుడైతే ఒక అంకె. దీనికి ఎవరూ లోపల కూసొని కుట్ర చేయనక్కర లేదు. డెస్కు మీద కూసున్నోళ్లకు ఏ పేరు తమ ఇంటి పేరుకు దగ్గరగ ఉన్నదో ఆ పేరు రాయాలంటే చెయ్యి ఆగుతది. ఏ పేరు దూరమో అది సులువుగ పడతది.

డెస్కు మీద ఎవరున్నరన్నది నేను చెప్తే కోపంతోటి చెప్పిండంటరు. లెక్కలు తీసినోళ్లున్నరు. 1996ల బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీల ఒక దళిత జర్నలిస్టు కోసం వెతికి, ఒక్కడు గూడ దొరకలేదని 'పయనీర్' పత్రికల రాసిండు. 2006ల అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్ల పెద్ద కుర్చీల్ల ఉన్న 315 మంది కులాలు చూసిండ్రు. ఎస్సీ ఒక్కరు లేరు, ఎస్టీ ఒక్కరు లేరు. 2019ల ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చూస్తే 121 పెద్ద పదవుల్ల 106 అగ్రకులాలవే. దళితులు, ఆదివాసులు సున్న. ఇరవై మూడేండ్లల్ల దేశం టీవీ పెట్టెలు మార్చింది, ఛానళ్లు వందలైనయి, సున్న మాత్రం సున్నగనే ఉన్నది. నేను పనిచేసిన ఆఫీసుల మావోళ్లు లేరని మాత్రం అనను. ఉన్నరు. ఆఫీస్ బాయ్, ఊడ్చే ఆమె, బయట తిరిగే నేను.

పత్రిక మావోళ్లకు తెల్వని వస్తువా అంటే కాదు. అంబేద్కర్ 1920ల 'మూక్‌నాయక్' పెట్టిండు. ఈ ఊర్లనే భాగ్యరెడ్డి వర్మ 1931ల 'భాగ్యనగర్' పత్రిక తెచ్చిండు. మా రాత లేక కాదు, మా రాతను అచ్చేసే కాయితం మా చేతుల లేక.

ఇంకో మాట గూడ చెప్పాలె, దోస్తులకు కష్టమైనా సరే. పాతబస్తీల ఉర్దూ పేపర్లు మస్తుగ చదువుతరు. తెలుగు పేపర్లు, ఢిల్లీ ఛానళ్లు దాచిన ఎన్నో ముచ్చట్లు వాటిల దొరికేవి. కాని వాటిల గూడ మా అమ్మ లేదు. పాతబస్తీ అంటే ముస్లింలే అన్నట్టు వాళ్లూ రాసిండ్రు. మా మాదిగ బస్తీ, మా సఫాయి ఆడోళ్లు వాళ్ల లెక్కల గూడ పడలే. మేమేమన్న తక్కువ తిన్నమా? 2007ల ఆ పిల్లగాండ్లను పట్టుకపోతుంటే మా బస్తీల గూడ 'ఏదో చేసే ఉంటరు' అన్నరు. అట్ల అన్నోళ్లల్ల నా తమ్ముడున్నడు. వానికి ఆ మాట టీవీ నేర్పింది, ఆ టీవీకి పేరు అందించినోళ్లల్ల నేనొకణ్ణి.

2014 ఏప్రిల్ 22న చుండూరు కేసుల హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ హైకోర్టు ఎక్కడో లేదు. లాడ్ బజార్ నుంచి మదీనా దాటితే మూసీ ఒడ్డున కనబడతది, నడిచి పోవచ్చు. అప్పటికి నేను విలేకరి పని ఇడిసిపెట్టిన. చెల్లె కూతురి పెండ్లికని అమ్మను తీసుకొని చాచా దుకాణం కాడున్న. ఎనిమిది రోజులైతే తెలంగాణల పోలింగ్. దుకాణంల టీవీ పెట్టి ఉన్నది. గంటసేపు కూసున్నం. హెలికాప్టర్లు, సభలు, ఎవరికెన్ని సీట్లు. ఎనిమిది శవాల కేసు తీర్పు నడిచిపోయేంత దూరంల వచ్చింది, ఆ గంటల ఆ తెర మీద రాలే. నాకు ఫోన్ల ఒక దోస్తు చెప్పిండు. అమ్మకు చెప్పిన.

"అందర్నా?" అన్నది.

"అందర్నే."

"మరి చంపిందెవలంట?"

2019 నవంబర్ల ఇంకో తీరు చూసిన. 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంల, ఊరూరు తిరిగి చిల్లర సామాన్లు అమ్ముకునే బుడగజంగం ఆడమనిషిని చెరిచి చంపిండ్రు. మూడు రోజులకు, 27న, శంషాబాద్ కాడ ఒక వెటర్నరీ డాక్టర్‌ను చెరిచి చంపిండ్రు. రెండూ ఘోరాలే. దిశ కోసం దేశమంత ఏడ్చింది, ఏడ్వాల్సిందే. ఢిల్లీ స్టూడియోలు రాత్రింబవళ్లు తెరిచి పెట్టిండ్రు. ముందు చచ్చిపోయినామె కోసం ఊరోళ్లు, మా సంఘాలోళ్లు రోడ్డెక్కితే గాని కెమెరా అటు తిరగలేదు. ఆమెకు సమత అని పేరు పెట్టుకోవాల్సొచ్చింది. దిశ కేసుల నిందితులు నలుగురైతే అందుల ముస్లిం పేరున్నోడు ఒక్కడు. ఆ ఒక్క పేరు పట్టుకొని ఊరేగించినోళ్లను మనమంత చూసినం. మిగిలిన ముగ్గురు మళ్ల 'ఒక వర్గం' అయిపోయిండ్రు. డిసెంబర్ 6న నలుగురినీ పోలీసులు కాల్చి చంపితే అదే స్టూడియోలల్ల చప్పట్లు. సమత కేసుల 2020 జనవరి 30న ఆదిలాబాద్ కోర్టు ముగ్గురికి ఉరిశిక్ష వేసింది. కోర్టు నడిచింది, సాక్షులు చెప్పిండ్రు, తీర్పొచ్చింది. కోర్టు దారిల జరిగిన ఆ కేసు ఎంతమందికి యాదున్నదో మీ పక్కోణ్ణి అడిగి చూడండి.

మక్కా మసీదు కేసుల దొరికింది ఎవరు అంటే, 2018 ఏప్రిల్ 16న విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ కోర్టు వదిలేసింది. మొదట పట్టుకున్నోళ్లు కాదు, తర్వాత పట్టుకున్నోళ్లు కాదు. చుండూరుల అమ్మ అడిగిన ప్రశ్ననే ఇక్కడ గూడ పడున్నది.

అమ్మ ఇప్పుడు లేదు. చాచా లేడు. దుకాణం ఉన్నది, మేనల్లుడు నడుపుతుండు. 2024ల హైదరాబాద్ లక్కగాజులకు జీఐ గుర్తింపు వచ్చిందని టీవీలోళ్లు లాడ్ బజార్‌కు వచ్చిండ్రు. ఆనాడు నేను అక్కడనే ఉన్న. నవాబుల కాలం, వందల ఏండ్ల కళ అని మైకు పట్టుకున్న పిల్ల మంచిగనే మాట్లాడుతున్నది. గాజు వంచే చెయ్యి చూపియ్యమన్నది. దినానికి ఎంత గిట్టుతది, 2015 జనవరిల గాజుల కార్ఖానాలల్ల దొరికిన రెండువందల చిల్లర బిహార్ పిల్లలు ఇప్పుడెక్కడున్నరు అని మాత్రం అడగలేదు. ఆ పిల్లను తప్పుపట్టను, ఆమెకు ఎవరో రెండు నిమిషాలే ఇచ్చి ఉంటరు.

ఆ బజార్ల మేనల్లుడంత బాగ గాజు వంచేటోడు లేడని పక్క దుకాణమోళ్లే చూపిచ్చిండ్రు. కెమెరా ఇటు తిరిగింది. ఆయన లేచి గిరాకీని నాకు అప్పజెప్పి, వెనక గోదాంలకు పోయి తలుపు దగ్గరేసుకున్నడు.

"పేరేంది ఆయనది?" అని ఆ పిల్ల నన్నడిగింది.

నేను చెప్పలేదు.