గుర్రం పక్కన మేక

1936లో అమెరికాలో చార్లెస్ హోవర్డ్ అనే కార్ల వ్యాపారి 8,000 డాలర్లు పోసి సీబిస్కట్ అనే పందెపు గుర్రాన్ని కొన్నాడు. బక్కచిక్కిన గుర్రం. మేత ముట్టదు, మనుషులు దగ్గరికొస్తే మీదికి వస్తుంది, తక్కిన వేళంతా కొట్టంలో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని దారికి తేవడానికి ట్రైనర్ టామ్ స్మిత్ ముందుగా ఒక మేకను తెచ్చి లోపల వదిలాడు. సీబిస్కట్ ఆ మేకను పళ్లతో పట్టి, ఊపి, తలుపు మీంచి బయటికి విసిరేసింది!

స్మిత్ పట్టు విడవలేదు. ఒకప్పుడు పశువుల మందల వెంట తిరిగిన, దేనికీ బెదరని పంప్కిన్ అనే గుర్రాన్ని తెచ్చాడు. రెండు గదుల మధ్య గోడ తీయించాడు. తర్వాత ఓ కుక్క, ఓ కోతి కూడా అక్కడికే చేరాయి. సీబిస్కట్ తిరుగుడు మానింది, మేతకు వచ్చింది. 1938 నవంబరు 1న పిమ్లికో పందెపు మైదానంలో వార్ అడ్మిరల్ అనే పేరుమోసిన గుర్రాన్ని ఓడించింది. ఆ గెలుపంతా పంప్కిన్ చలవేనని ఎవరూ అనరు గానీ, తిండి తినని గుర్రం పందెం గెలవదు కదా.

ఈ పద్ధతి స్మిత్ కనిపెట్టింది కాదు. 1753లో చనిపోయిన గొడోల్ఫిన్ అరేబియన్ అనే మేటి గుర్రం చిత్రాల్లో పక్కన ఒక పిల్లి కనిపిస్తుంది. మేకలు పందెపు కొట్టాల్లో పాతకాపులే.

తోడు ఎందుకంత ముఖ్యం? గుర్రం మందలో బతికే జంతువు. నిలబడి కునుకు తీయగలదు గానీ, గాఢమైన కలల నిద్రకు పడుకోవాల్సిందే. పక్కన కాపలా కాసే మరో ప్రాణి ఉంటేనే దానికి ఆ ధైర్యం. ఇక కడుపు సంగతి. బయట వదిలితే రోజుకు 16 గంటల దాకా మేస్తుంది. దాని పొట్టలో ఆమ్లం ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది, ఆ ఆమ్లాన్ని తగ్గించే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నారు మనవాళ్లు. పందెపు కొట్టాల్లో అచ్చంగా అదే చిక్కు. దాణాకు తక్కువ ఉండదు, గడ్డికే కరువు. దాణా గబగబా అయిపోతుంది. ఆపైన గంటల తరబడి పనిలేదు, పక్కన ఎవరూ లేరు. అప్పుడు తలుపు దగ్గర నిలబడి అటూ ఇటూ ఊగడం, తొట్టి అంచును పళ్లతో పట్టి గాలి గుటకలు వేయడం మొదలవుతాయి.

దీన్ని పొగరు అనుకునేవాళ్లు గొంతుకు పట్టీ బిగిస్తారు. గుటకలు ఆగుతాయి, పట్టీ విప్పగానే అంతకు మించి మొదలవుతాయి. పక్క గుర్రాలు చూసి నేర్చుకుంటాయన్న భయంతో దాన్ని ఓ మూల విడిగా కట్టేయడం మరీ అన్యాయం, ఉన్న కాస్త తోడూ పోతుంది. 2000లో, 2002లో వెలువడిన బ్రిటిష్ పరిశోధనల్లో పక్క గుర్రం కనపడేలా కిటికీ తీస్తే, లేదా గోడకు అద్దం పెడితే, ఊగడం బాగా తగ్గింది. పాతకాలపు గుర్రాలవాళ్లు మేకతో చేసిన పని అదే.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 1886లో మౌలాలి నుంచి మలక్‌పేటకు వచ్చిన రేసుకోర్సులోనైనా, ఇంకెక్కడైనా, గుర్రం దిగులును ముందు పసిగట్టేది దాని ఆలనాపాలనా చూసే సైసే. మంచి సైసు కొట్టంలోకి వెళ్లేముందు గొంతు వినిపిస్తాడు. వెనక నుంచి పోడు, ఎందుకంటే సరిగ్గా తోక వెనక గుర్రానికేమీ కనపడదు. భుజం వైపు నుంచి వెళ్లి మెడ నిమురుతాడు. రోజూ అదే వేళకు మేత వేస్తాడు. చిన్న కన్నాల వలలో గడ్డి వేలాడదీస్తే, గుర్రం కొంచెం కొంచెంగా లాక్కుంటూ చాలాసేపు నములుతుంది.

మేకను తెచ్చేవాళ్లు మొదట కొన్నాళ్లు కటకటాల అవతలే ఉంచాలి. గుర్రం చెవులు ముందుకు పెట్టి వాసన చూస్తే సరే, చెవులు వెనక్కి వాలిస్తే ఇంకొన్నాళ్లు ఆగాలి. జత కుదిరాక విడదీస్తే మొదటికంటే ఎక్కువ గోల చేస్తుంది కాబట్టి, పందెం కోసం మరో ఊరు పోయినా మేక వెంట వెళ్లాల్సిందే. రెండింటి దాణా మాత్రం వేరుగా పెట్టాలి. గుర్రానికి పెట్టిన గింజలు మేక మెక్కితే దానికి కడుపుబ్బరం. కొన్ని దేశాల్లో పశువుల, మేకల దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం పొట్టలో పడితే గుండె కండరం దెబ్బతిని ప్రాణమే పోవచ్చు.