అరువు ఎడారి, సొంత గండి: తెలుగు కౌబాయ్ చిత్రంలో స్థలం

హాలీవుడ్ వెస్టర్న్ చిత్రాలు భూగోళానికి కట్టుబడినవి కావు. జాన్ ఫోర్డ్ ‘ది సెర్చర్స్’ (1956) కథ జరిగేది టెక్సాస్‌లో. తెరపై కనిపించే శిలలు ఆరిజోనా, యూటా సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీవి. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966) కోసం సెర్జియో లియోనే స్పెయిన్ నేలను అమెరికాగా చూపాడు. కాబట్టి వెస్టర్న్‌కు కొలమానం స్థలం అసలుదా, అరువుదా అన్నది కాదు. ఆ నేలపై ఎవరి చట్టం చెల్లుతుందన్న ప్రశ్నను కథ ఎంత గట్టిగా అడిగిందన్నదే ముఖ్యం.

ఈ దృష్టితో ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) చిత్రాన్ని పరిశీలించవచ్చు. పద్మాలయా సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, ఆరుద్ర రచయిత, కృష్ణ కథానాయకుడు. ఆరుద్ర అమెరికా కథలను యథాతథంగా దించలేదు. ఆంగ్లేయుల కాలపు అమరవీడు సంస్థానాన్నీ, దాని నిధినీ కల్పించి కౌబాయ్‌కి ఒక దేశీయ గతాన్ని సమకూర్చాడు. వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణంలో రాజస్థాన్ ఎడారి తెలుగు ప్రేక్షకునికి కొత్త దృశ్యానుభవమైంది. ఈ చిత్రం ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఆంగ్లంలోకీ వెళ్ళింది.

అయితే కథ నిధి, పగ అనే రెండు ఇరుసుల మీదే తిరుగుతుంది. ఎడారి వేటకు రంగస్థలమే తప్ప, అక్కడ ఊరు కట్టుకొని న్యాయం కోసం పెనుగులాడే సమాజానికి నెలవు కాలేదు. వెస్టర్న్ వేషం వచ్చింది; దాని మూలప్రశ్న సగమే వచ్చింది.

ఆ ప్రశ్నకు తగిన చరిత్ర కడప సీమలో ఉంది. వేంపల్లె సమీపంలోని గండి వద్ద పాపఘ్ని, జమ్మలమడుగు సమీపంలోని గండికోట వద్ద పెన్న కొండలను చీల్చుకొని పారుతాయి. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినప్పుడు పాళెగాళ్ళ అధికారం, కలెక్టర్ థామస్ మన్రో పాలన ఎదురెదురుగా నిలిచాయి. పాత కత్తి, కొత్త చట్టం, వాటి నడుమ శిస్తు కట్టే రైతు: ఒక వెస్టర్న్‌కు కావలసిన సంఘర్షణ అంతా ఇక్కడే ఉంది.

కృష్ణ చిత్రం గుర్రాన్నీ తుపాకీనీ తెలుగు తెరకు అలవాటు చేసింది. అది చిన్న విజయం కాదు. కానీ కౌబాయ్‌ని తెలుగువాణ్ణి చేయడానికి అతని మాట మారితే చాలదు. అతడు ఎవరి నేలపై, ఎవరి పక్షాన నిలిచాడో కూడా కథ తేల్చాలి.